కుడివైపు పేజీలు

మా ఇంట్లో కంప్యూటరు స్విచ్చి ఆపితే చాలు, అంతా మర్చిపోతుంది. అందుకే అది గుర్తుపెట్టుకోవలసినవన్నీ నేనే డైరీలో రాసిపెడతాను.

డైరీ మా ఊళ్ళో ఇన్సూరెన్సు ఏజెంటు ఇచ్చింది. 1988ది. ఇప్పుడు 1990 కాబట్టి వారాల పేర్లు కొట్టేసి సరైనవి వేసుకుంటాను. ఎడమవైపు పేజీలో ఆ రోజు సంగతులు, కుడివైపు పేజీలో ప్రోగ్రాము. ఎడమవైపువి ఎవరికీ చూపించను. కుడివైపువి చూపించమని ఎవరూ అడగలేదు.

అమ్మ నర్సు ఉద్యోగానికని ముందు మెల్‌బోర్న్ వచ్చింది. రెండేళ్ళకి నాన్న వచ్చాడు. నరసాపురం దగ్గర మా ఊళ్ళో తెలుగు మీడియంలో పదో తరగతి, తర్వాత ఇంటరు అయ్యాక నేను వచ్చాను. నా పేరు హెలెనా. ఒకప్పుడు మా మిషనాసుపత్రిలో పనిచేసిన డాక్టరమ్మ పేరది. ఊళ్ళో అందరూ ఎలీనమ్మా అనేవారు. ఈ దేశం వచ్చాకే నా పేరు సరిగ్గా పిలిచేవాళ్ళు దొరికారు. అయితే వాళ్ళు పిలిచినప్పుడు పలకడానికి నాకు గొంతు రాదు.

కంప్యూటరు లాజరస్ అంకుల్ వాళ్ళది. నెలకో ఆదివారం మధ్యాహ్నం డాండినాంగ్‌లో తెల్లవాళ్ళ చర్చి హాలు అడిగి తీసుకుని, తెలుగువాళ్ళం ఓ నలభైమందిమి ఆరాధనకి చేరతాం. అంకుల్ కూతురు డయానా ఇక్కడే పుట్టింది. మనం తెలుగులో అడిగినదానికి ఇంగ్లీషులో జవాబు చెబుతుంది. ఒక ఆదివారం ఆ పిల్ల ఒక అట్టపెట్టె తెచ్చి నా ఒళ్ళో పెట్టింది.

"ఇట్స్ సో ఓల్డ్, హెలెనా. డాడ్ కొత్తది కొన్నారు. టేక్ ఇట్."

"దీన్నేం చేస్తారు?" అన్నాను.

"డునో. గేమ్స్."

ఆటలు టేపుల మీద ఉంటాయట. టేపు పెట్టి తిప్పే పెట్టె చెడిపోతే పారేశారట. పెట్టెలో మిగిలింది కీబోర్డులాంటి కంప్యూటరు, టీవీకి తగిలించే వైరు, ఒక పుస్తకం. ఆ పుస్తకంలో ఇంగ్లీషు నాకు సగం అర్థమయ్యేది. మిగతా సగం కంప్యూటరే నేర్పింది. తప్పు కొడితే తప్పని చెప్పి, మళ్ళీ కొట్టనిచ్చేది. విసుక్కోదు, నవ్వదు, ఎవరితోనూ చెప్పదు. అలాంటి మేష్టారు దొరకడం నా అదృష్టం అనుకున్నాను.

పుస్తకంలో ‘సేవ్’ అనే మాట ఉంది. ఒకసారి కొట్టి చూశాను. టేపు మీద బటన్లు నొక్కమని రాసి, ఇంకే మీట కొట్టినా పలకకుండా ఉండిపోయింది. లేని టేపుకి బటన్లు ఎక్కడ నొక్కను? పదినిమిషాలు చూసి, భయమేసి, ప్లగ్గు పీకేశాను. ఆ ప్రకరణం మీద పెన్సిలుతో అడ్డంగా గీత కొట్టి మళ్ళీ దాని జోలికి పోలేదు.

దానివల్ల నాకొక అలవాటు పడింది. టీవీ నాన్నది, వార్తల టైముకి వదిలెయ్యాలి. ఉన్న గంటలో ప్రోగ్రామంతా కొత్తగా కొట్టాలి. తప్పులు వెతుక్కుంటూ కూర్చుంటే గంట చాలదు. అందుకని ముందు కాగితం మీదే నడిపిస్తాను. లైనుకో వరస, ఒక్కో అంకె ఎప్పుడు ఎంతవుతుందో పెన్సిలుతో నిలువు గళ్ళలో వేసుకుంటూ వెళ్తాను. గళ్ళు సరిపోయాకే మీటల దగ్గరికి వెళ్తాను.

నా మొదటి పెద్ద ప్రోగ్రాము నాన్న కోసం రాశాను. నాన్న కార్ల సీట్లు తయారుచేసే ఫ్యాక్టరీలో పనిచేస్తాడు గానీ, నెలకోసారి ఆ హాల్లో పాటలు ఎత్తుకునేది ఆయనే. ప్రతిసారీ ఎవరో ఒకరు "దయానందంగారూ, పోయిన నెలా ఇదే పాట పాడేం కదండీ" అనేవారు. నాన్న చిన్నబోయేవాడు. నా ప్రోగ్రాము పాటల పుస్తకంలో నెంబర్లన్నీ పాడిన వరసలో తీసుకుని, ఏ పాట పాడి ఎక్కువకాలమైందో అది ముందు చెబుతుంది. ఆరాధన ముందురోజు శనివారం దాన్ని డైరీలో చూసి మొత్తం మళ్ళీ కొడతాను. నలభై నిమిషాలు. నాన్న పక్కన స్టూలు మీద కూర్చుని నెంబర్లు చదువుతాడు.

"నూట పన్నెండు. కొట్టేవా?"

"కొట్టేను నాన్నా."

"రెండొందల ఏడు. ఇది మీ నాయనమ్మకి ఇష్టం, ఎక్కువకాలం అవనీకు."

"నేను చెప్పేదేవుంది నాన్నా, అదే చెబుతుంది."

"దానికేం తెలుసే మీ నాయనమ్మ సంగతి!"

కాలేజీలో కంప్యూటరు కోర్సు ఉందని కాగితం తెచ్చింది అమ్మ. దరఖాస్తు పెట్టాను. నా సర్టిఫికెట్లు తెలుగు బడివి కావడంతో వాటిని ఎలా లెక్కలోకి తీసుకోవాలో వాళ్ళకి తెలియలేదు. కోర్సు చూసే పెద్దాయన ఒక వారం ఆలోచించి, నెమ్మదిగా మాటలు విడదీసి చెప్పాడు. నాలుగువారాలు కూర్చోనిస్తారు. మొదటి అసైన్‌మెంటు పాసైతే ఉంటాను. లేకపోతే ఈ ఏడు ఇంగ్లీషు క్లాసులకి వెళ్ళి, వచ్చే ఏడు మళ్ళీ అడగాలి.

"వచ్చే ఏడంటే మాటలు కాదే," అంది అమ్మ ఇంటికొచ్చాక. "మా నర్సింగ్‌హోమ్ లాండ్రీలో ఒక ఖాళీ ఉంది."

ఆ మాట రెండుసార్లు అంది. బలవంతపెట్టలేదు. ఖాళీ ఉందని చెప్పింది, అంతే. నాకు ఆ కోర్సు ఎంత కావాలో అమ్మకి తెలీదు. ఎడమవైపు పేజీలో రాసుకున్నాను గానీ నోటితో చెప్పలేదు.

ఆ ఒక వారం ఆలోచన వల్ల నేను క్లాసులో చేరేసరికే అందరికీ ఒక వారం పాఠం అయిపోయింది.

మొదటిరోజు టీచరు లోపలికి రాగానే నేను లేచి నుంచున్నాను. ఇంకెవరూ లేవలేదు. పద్దెనిమిదిమందీ కుర్చీల్లో వెనక్కి వాలి నావైపు చూశారు. టీచరు యాభయ్యేళ్ళావిడ. పొట్టి జుట్టు, మగవాళ్ళ చొక్కా. నన్ను చూసి, "టాయిలెట్టా? కుడివైపు రెండో తలుపు," అంది.

బైటికి వెళ్ళి, ఆ తలుపు దగ్గర కాసేపు నుంచుని తిరిగొచ్చాను. ఇంకేం చెయ్యను?

ఆవిడ పేరు బెవ్. మేడమ్ అనవద్దు, బెవ్ అను చాలు అంది. ఊళ్ళో ఒకటో తరగతి టీచరు పేరు కూడా నాకు ఇప్పటికీ తెలీదు. పంతులమ్మగారు అనేవాళ్ళం. బెవ్ అనడం నా వల్ల కాలేదు. అలాగని మేడమ్ అననివ్వదు. దాంతో ఏమీ అనకుండా ఊరుకునేదాన్ని.

పక్కసీటులో రొనీత. ఫిజీ నుంచి వచ్చారు వాళ్ళు, అక్కడ గొడవలైన మరుసటి ఏడు. వాళ్ళ ముత్తాత చెరుకుతోటల పనికి మన విశాఖపట్నం వైపు నుంచే ఓడెక్కాడట. తనకి హిందీ, ఇంగ్లీషు వచ్చు. తెలుగు మాత్రం నానమ్మ దగ్గర నేర్చుకున్న ఒకటి నుంచి ఇరవై దాకా అంకెలు, "రా", "తిను", "నోరుముయ్" అంతే.

"నీకు చాలా ఉపయోగపడే మాటలే నేర్పింది," అనాలనిపించింది. అనలేదు. డైరీలో రాసుకున్నాను.

క్లాసులో మెషీన్లు మా ఇంటిదానికన్నా పెద్దవి. రెండేసి డ్రైవులు, అంటే ఫ్లాపీలు దూర్చే అరలు. అందరికీ ఒక్కో ఫ్లాపీ ఇచ్చారు. నల్లటి పల్చటి చదరపు అట్ట, మధ్యలో చిల్లు. వంచకూడదు, చెయ్యి తగలనివ్వకూడదు. పైన పేరు రాసుకుని కింది డ్రైవులో పెట్టాలి. మెషీను ఆన్ చెయ్యగానే కింది డ్రైవు దీపం ఒకసారి ఎర్రగా వెలిగి ఆరింది. ఓహో, అట్ట లోపల ఉంటే మనం కొట్టేదంతా దాని మీదికి ఎక్కుతుంది కాబోలు అనుకున్నాను. కాగితం పెట్టాక టైపుమిషను వేరే అడుగుతుందా?

అసైన్‌మెంటు ఇది: పదిరోజుల ఎండ ఎంత ఉందో అంకెలు తీసుకుని, అన్నిటికన్నా ఎక్కువ, అన్నిటికన్నా తక్కువ, సగటు చెప్పాలి. మెల్‌బోర్న్‌లో ఫిబ్రవరి కాబట్టి అంకెలకి కరువు లేదు. పొద్దున్న ముప్పైఎనిమిది ఉన్నది సాయంత్రం గాలి తిరిగితే పద్దెనిమిది.

అందరూ వెంటనే టకటకా కొట్టడం మొదలెట్టారు. నేను డైరీ తీసి గళ్ళు గీసుకున్నాను.

"వ్యాసం రాస్తున్నావా?" అంది రొనీత తొంగిచూసి. "ఇది కంప్యూటరు క్లాసు, మేడమ్!"

గంటసేపటికి రొనీతతో సహా అందరి మెషీన్లూ తప్పుతప్పుకీ కుయ్యిమంటున్నాయి. నేను అప్పుడు మొదలుపెట్టి పావుగంటలో కొట్టాను. రన్ అన్నాను. మూడు అంకెలూ సరిగ్గా వచ్చాయి. ఒళ్ళంతా చల్లగా హాయిగా అనిపించింది. చుట్టూ చూస్తే బెవ్ అవతల ఇంకెవరికో సాయం చేస్తోంది. అమ్మ అలవాటు చేసినట్టు, పని అవగానే స్విచ్చి ఆపేశాను. ఫ్లాపీ తీసి, అసైన్‌మెంట్లు వెయ్యమని బల్ల మీద పెట్టిన ఐస్‌క్రీము డబ్బాలో వేసి ఇంటికొచ్చేశాను. బస్సులో నాలో నేనే నవ్వుకున్నానని ఆ రోజు ఎడమవైపు పేజీలో ఉంది.

తర్వాతి మంగళవారం క్లాసయ్యాక బెవ్ నన్ను ఆగమంది. తన చేతిలో నా ఫ్లాపీ.

"హెలెనా, ఇందులో ఏమీ లేదు."

నేను లేచి నుంచున్నాను.

"ఖాళీ. రెండు మెషీన్లలో పెట్టి చూశాను. చెయ్యడం రాకపోతే రాలేదని చెప్పు, ఫర్వాలేదు. సాయంత్రం నాలుగింటికల్లా నీ సంగతి కోర్సు చూసే ఆయనకి రాసివ్వాలి నేను."

 చేశానండీ అని నోటి దాకా వచ్చింది. కానీ టీచరు లేదన్నదాన్ని ఉందనడం ఎదురు చెప్పడమే. మా బళ్ళో అలా ఎవరం అనలేదు. టీచరు కోప్పడితే, తప్పు ఉన్నా లేకపోయినా ముందు క్షమాపణ చెప్పాలి. తర్వాత ఆయనే నెమ్మదించి అడుగుతాడు, అప్పుడు జరిగింది చెప్పుకుంటాం.

"సారీ, మేడమ్," అన్నాను.

తర్వాత అడుగుతుందని ఎదురుచూశాను. ఆవిడ ఒక నిట్టూర్పు విడిచి, "నిజం చెప్పినందుకు థాంక్స్," అని ఫ్లాపీ నా చేతిలో పెట్టి వెళ్ళిపోయింది.

బైట బెంచీ మీద కూర్చున్నాను. పన్నెండున్నర. నాలుగింటికల్లా రాసిచ్చేస్తుంది. తెల్లటి దుప్పట్లు మడతపెట్టే పని చెడ్డదేం కాదు, అమ్మ పనిచేసేదీ అక్కడే కదా అని సర్దిచెప్పుకోబోయాను. కుదరలేదు.

రొనీత వచ్చి పక్కన కూర్చుని రోటీ పొట్లం విప్పింది. "రా. తిను," అంది తెలుగులో.

అంతే, నాకు ఏడుపొచ్చింది. వచ్చిన ఇంగ్లీషులో మొత్తం చెప్పాను. అంత పొడుగ్గా ఈ దేశంలో ఎవరితోనూ మాట్లాడలేదు.

"ఆపేముందు సేవ్ కొట్టావా?" అంది.

"అది టేపులకి కదా?"

రొనీత నమలడం ఆపేసింది. "అరే భగవాన్! క్లాసులో అందరికంటే బాగా చేసేది నువ్వు, సేవ్ తెలీదా? మొదటివారం చెప్పిందే అది!"

"మొదటివారం నేను లేను."

"అడగొచ్చు కదా?"

తెలీదని తెలిస్తే కదా అడగడానికి. ఆమాటే అన్నాను. రొనీత నవ్వబోయి, నా మొహం చూసి ఆపుకుంది.

"పుస్తకంలో ఉంది కదా నువ్వు రాసింది? పట్టుకెళ్ళి చూపించు."

"డైరీనా? చంపేసినా చూపించను."

"ఆవిడకి మీ భాష చదవడం వస్తుందా ఏంటి?" అని, నా ఒళ్ళోది లాక్కుని తెరిచింది. నేను పట్టుకునేలోపే ఎడమవైపు పేజీ మీద వేలు పెట్టి గట్టిగా అరిచింది. "ఇది నా పేరు!"

వాళ్ళ నానమ్మ అంకెలతోపాటు తన పేరు రాయడం కూడా నేర్పిందట. ఆ ఒక్కటీ తప్ప ఇంకో అక్షరం రాదు.

"ఏం రాశావ్ నా గురించి?"

అబద్ధం చెప్పే తెలివి నాకు సమయానికి రాదు. "ఎక్కువ మాట్లాడుతుందని."

"ఇంకా?"

"మాట్లాడుతుంది కాబట్టి క్లాసులో భయం వెయ్యడం లేదని."

రొనీత ఒక్క క్షణం ఊరుకుంది. నేను చూసినంతలో అదే మొదటిసారి. తర్వాత డైరీ మూసి నా చేతిలో పెట్టి, బెవ్ గదివైపు చూపించి, "పో," అంది. నానమ్మ నేర్పిన మాటల్లో అది కూడా ఉందన్నమాట.

బెవ్ గది తలుపు తీసే ఉంది. ఆవిడ శాండ్‌విచ్ తింటోంది. బల్ల మీద కాగితం, దాని మీద నా పేరు. నేను గడప దగ్గరే నుంచుని, మెట్ల మీద మూడుసార్లు అనుకుని వచ్చిన వాక్యం అనేశాను.

"నేను చేశాను. సేవ్ చెయ్యడం తెలీదు."

ఆవిడ ఏదో అనేలోపే డైరీ తెరిచి బల్ల మీద పెట్టాను. ఎడమవైపు పేజీ మీద అరచెయ్యి ఆనించాను. ఆవిడ నా చెయ్యి చూసింది. కుడివైపు పేజీ తనవైపు తిప్పుకుంది. పైనుంచి కిందికి నెమ్మదిగా చదివింది. గళ్ళ దగ్గర ఆగింది. తర్వాత ఒక కొట్టివేత మీద వేలు పెట్టింది.

"ఇది ఎందుకు కొట్టేశావు?"

అది ‘అన్నిటికన్నా తక్కువ’ కోసం రాసిన లైను. మొదట దాన్ని సున్నా దగ్గర మొదలుపెట్టాను. గళ్ళు వేసి చూస్తే తప్పు తెలిసింది.

"మెల్‌బోర్న్‌లో సున్నాకన్నా తక్కువ ఎండ రాదు," అన్నాను. నా గొంతు నాకే కొత్తగా వినిపించింది. "సున్నా దగ్గర మొదలుపెడితే పదిరోజులు చూసినా సున్నాయే తక్కువ అంటుంది. ఆ సున్నా ఏ రోజుదీ కాదు. అందుకని మొదటిరోజు అంకెతో మొదలుపెట్టాను. అప్పుడు వచ్చేది ఏదో ఒక రోజుది అవుతుంది."

బెవ్ శాండ్‌విచ్ కాగితంలో చుట్టి పక్కన పెట్టింది.

"క్లాసులో పదకొండుమంది సున్నా దగ్గర మొదలుపెట్టారు," అంది. "నడిపించి, సున్నా వచ్చినా అలాగే ఇచ్చేశారు. దీన్ని నువ్వు మెషీను మీద చూడకుండానే పట్టుకున్నావా?"

"ఇంట్లో టీవీ నాన్నది," అన్నాను. అది జవాబు కాదని అన్నాక తెలిసింది. మొత్తం చెప్పాల్సి వచ్చింది: టేపు లేని కంప్యూటరు, పాటల నెంబర్లు, శనివారం నలభై నిమిషాలు. నుంచునే చెప్పాను. కూర్చోమని రెండుసార్లు అంది, నాకు వినబడలేదు.

"మరి ఇందాక సారీ ఎందుకన్నావు?"

"టీచరు కోప్పడితే అంటాం."

"నేను కోప్పడలేదు. అడిగాను. ఇక్కడ సారీ అంటే ఒప్పుకున్నట్టు. చేసినప్పుడు చేశానని చెప్పు. నేను తప్పయితే నేను తప్పని చెప్పు. చచ్చిపోను," అంది.

ఆవిడ బల్ల మీది కాగితం తీసుకుని లేచింది. ఇద్దరం ల్యాబుకి వెళ్ళాం. ఫ్లాపీ కింది డ్రైవులో పెట్టాను. ఆవిడ పక్క కుర్చీలో చేతులు కట్టుకుని కూర్చుంది. నేను డైరీ చూసి కొట్టాను. కొట్టీ కొట్టీ ఉన్నదాన్ని, ఆ ఒక్క పనిలో నాకు భయం లేదు. రన్ అన్నాను. మూడు అంకెలు వచ్చాయి. చెయ్యి స్విచ్చి మీదికి వెళ్తుంటే ఆవిడ నా మణికట్టు పట్టుకుంది.

"ఆగు తల్లీ, అప్పుడే ఆపకు!" అన్నట్టు ఏదో ఇంగ్లీషులో అని, సేవ్ కొట్టి ప్రోగ్రాముకి ఒక పేరు పెట్టమంది. కొట్టాను. కింది డ్రైవు గరగరమంది. దీపం ఈసారి వెలిగి, కాసేపు వెలిగే ఉంది.

"ఇప్పుడు ఆపు," అంది.

ఆపాను. తెర నల్లబడింది. మళ్ళీ వేశాను. ఆవిడ చెప్పినట్టు, ఫ్లాపీ మీది నుంచి తెమ్మని దాని పేరు కొట్టాను. నా లైన్లన్నీ ఒక్కటి కూడా పోకుండా పైనుంచి కిందికి దిగి వచ్చాయి. నేను కొట్టకుండానే వచ్చాయి.

"మళ్ళీ చూడనా?" అని అడిగాను. టీచర్ని నేను అడిగిన మొదటి ప్రశ్న అదే.

"నీ ఇష్టం," అంది బెవ్. మూడుసార్లు ఆపి మూడుసార్లు వేశాను. మూడుసార్లూ వచ్చాయి. ఆవిడ ఈలోపు ఆ కాగితం మోకాలి మీద పెట్టుకుని రెండులైన్లు రాసి సంతకం చేసింది. నాకు చూపించింది. ‘ఈ అమ్మాయి ఉంటుంది’ అనే అర్థం వచ్చే మాటలే, అంతకన్నా ఏమీ లేవు. నాలుగింటికి ఇంకా రెండుగంటలుంది.

ఇంటికెళ్ళి చెబితే అమ్మ లాండ్రీ మాట మళ్ళీ ఎత్తలేదు. ఫ్లాపీని రెండుచేతులతో అందుకుని, "ఇందులోనేనా నీ చదువు?" అని అటూ ఇటూ తిప్పి చూసింది. వంచకూడదని చెప్పాను. వంచను, ముట్టుకోను, ఎవర్నీ ముట్టుకోనివ్వను అంటూ తీసుకెళ్ళి బీరువాలో పాస్‌పోర్టుల సంచిలో పెట్టి తాళం వేసింది. గురువారం క్లాసుకి కావాలమ్మా అంటే, "అప్పుడిస్తాలే" అంది.

శనివారం ఎప్పట్లాగే టీవీకి వైరు తగిలించాను. డైరీ తెరిచి మొదటి లైను కొట్టడం మొదలుపెట్టాను. నాన్న స్టూలు మీద కూర్చుని కళ్ళజోడు సర్దుకున్నాడు.

"కాలేజీలోది గుర్తుపెట్టుకుంటుందన్నావు. దీనికి రాదా ఆ విద్య?"

"టేపు పెట్టె కావాలి నాన్నా. లాజరస్ అంకుల్ ఎక్కడో పాతది చూస్తానన్నారు."

నాన్న చేతిలో నెంబర్ల కాగితం దించాడు.

"ఉంటే మరి నన్ను పిలవ్వు కదా నెంబర్లు చదవడానికి?"

"పిలుస్తాను," అన్నాను.

"అయితే నూట పన్నెండు," అన్నాడు. "కొట్టేవా?"